కడుపు పొర మీద గీత గీసి చూస్తున్నా: గ్రోత్ ఫ్యాక్టర్ల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

టాపిక్ ఫైనల్ అయ్యింది. కడుపు లోపలి పొరకి దెబ్బ తగిలినప్పుడు గ్రోత్ ఫ్యాక్టర్లు (సెల్స్ కి కబురు మోసే ప్రోటీన్లు) దాన్ని ఎలా కాపాడతాయి, అదీ సంగతి. ఎలుకల మీద పని లేదు, అంతా సెల్ కల్చర్ ప్లేట్ లోనే. ఒకందుకు నాకు ఊరటే, ఎలుకని పట్టుకోవడం అంటేనే నాకు చేతులు వణుకుతాయి.

పొద్దున గైడ్ మేడమ్ పిలిచి "గ్రోత్ ఫ్యాక్టర్ ఏం చేస్తుందో నీ మాటల్లో చెప్పు" అన్నారు. పేరులోనే ఉంది కదా మేడమ్, సెల్స్ ని పెంచుతుంది, సెల్స్ పెరిగితే పుండు మానుతుంది అన్నా. ఆవిడ అవుననలేదు కాదనలేదు, ఒక లెక్క అడిగారు. "కడుపు పొర పైపైన గీరుకుపోతే మూసుకోవడం నిమిషాల్లోనే మొదలవుతుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది కూడా. ఒక సెల్ రెండు అవ్వాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. మరి ఆ ఖాళీని పూడ్చింది ఎవరు?" నా దగ్గర జవాబు లేదు. "అది తేల్చుకునిరా, అదే నీ ప్రాజెక్టు" అని పంపేశారు.

4వ రోజు

మూడు రోజులూ చదువుడే. సెల్స్ పని చేసే హుడ్ (క్రిములు పడకుండా గాలి వడకట్టే గూడు) ఖాళీ లేదు కాబట్టి వేరే దారి కూడా లేదు.

కడుపులో యాసిడ్ పీహెచ్ 1, 2 మధ్య ఉంటుంది, పక్కనే ప్రోటీన్ ని ముక్కలు ముక్కలు చేసే పెప్సిన్ ఉంటుంది, కడుపు గోడ కూడా ప్రోటీన్ తో కట్టిందే, మరి అదెందుకు అరిగిపోదు? సెల్స్ పైన ఒక జిగురు పొర, అందులోకి సెల్స్ వదిలే బైకార్బనేట్, ఈ రెండూ కలిసి సెల్ ని ఆనుకుని ఉన్న చోట పీహెచ్ ని 7 దగ్గరకి తెచ్చేస్తాయి. కింద రక్తనాళాలు లోపలికి జారిన యాసిడ్ ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంటాయి. ఇదంతా డిగ్రీలో చదివిందే. కానీ ఈ ఏర్పాటు రోజూ ఎక్కడో ఒకచోట చిరుగుతూనే ఉంటుంది, పెయిన్ కిల్లర్ వల్ల కావచ్చు, హెలికోబాక్టర్ అనే బాక్టీరియా వల్ల కావచ్చు, ఆల్కహాల్ వల్ల కావచ్చు. చిరిగాక ఏం జరుగుతుంది అన్నది నేనెప్పుడూ ఆలోచించలా.

1979లో ఆండ్రే రాబర్ట్ చేసిన పని చదివి కాసేపు అలా కూర్చుండిపోయా. ఎలుకలకి ముందు ప్రోస్టాగ్లాండిన్ (ఒంట్లోనే తయారయ్యే, హార్మోన్ లాంటి పదార్థం) ఇచ్చి, తర్వాత కడుపులోకి నీళ్ళు కలపని ఆల్కహాల్, గాఢమైన యాసిడ్, క్షారం, ఆఖరికి మరిగే నీళ్ళు కూడా పోశారు. మామూలు ఎలుకల కడుపు పొర పుండ్లు పుండ్లు అయిపోయింది, ప్రోస్టాగ్లాండిన్ తీసుకున్నవి తట్టుకున్నాయి. ఆ డోస్ యాసిడ్ ని తగ్గించేంత కూడా కాదు. దీనికి సైటోప్రొటెక్షన్ అని పేరు పెట్టారు, అంటే సెల్ ని కాపాడటం అని.

అసలు ట్విస్ట్ 1982లో వచ్చింది. లేసీ, ఇటో అని ఇద్దరు అలా "కాపాడబడిన" కడుపుల్నే మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పైవరస సెల్స్ అక్కడ కూడా చచ్చిపోయే ఉన్నాయి! కాకపోతే దెబ్బ లోతుకి దిగలేదు, కింద గ్లాండ్స్ లో బతికున్న సెల్స్ పక్కకి పాకి గంట తిరిగేసరికి పై భాగాన్ని చాలావరకు కప్పేశాయి. అంటే మనం కాపాడటం అనుకున్నది కవచం లాంటిది కాదన్నమాట, దెబ్బ తగులుతుంది, తగిలాక ఎంత తొందరగా కప్పేశాం అన్నదే ఆట. ఈ పాకడానికి రెస్టిట్యూషన్ అని పేరు. మేడమ్ లెక్కకి సగం జవాబు ఇక్కడే దొరికింది, పూడ్చింది కొత్తగా పుట్టిన సెల్స్ కాదు, పక్కింటి సెల్సే సాగి వచ్చాయి.

మిగతా సగం, వాటిని పాకమని చెప్పేది ఎవరు?

9వ రోజు

పని మొదలైంది. ల్యాబ్ లో ఉన్నవి ఎజిఎస్ సెల్స్, మనిషి కడుపు క్యాన్సర్ నుంచి తీసిన లైన్. లిక్విడ్ నైట్రోజన్ నుంచి వయల్ తీసి 37 డిగ్రీల వాటర్ బాత్ లో కరిగించి ఫ్లాస్క్ లో వేశా, రెండు రోజుల్లో చక్కగా అంటుకున్నాయి. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేట్ లో వెల్ కి 2 లక్షల సెల్స్ చొప్పున వేసి, నిండాక 200 మైక్రోలీటర్ పిపెట్ టిప్ తో మధ్యలో ఒక గీత. స్క్రాచ్ అస్సే అంటే ఇంతే, పరికరం ఏమీ అక్కర్లేదు, చెయ్యి నిలకడగా ఉంటే చాలు.

నా చెయ్యి నిలకడగా లేదు. మొదటి ప్లేట్ లో ఒక గీత పాములా వంకర, ఒకటి మధ్యలో తెగిపోయింది, ఇంకోటి మరీ గట్టిగా నొక్కేసి ప్లాస్టిక్ కే గాటు పడింది, ఆ గాటు దాటి సెల్స్ రావు గాక రావు. సీనియర్ అక్క చూసి "టిప్ ని నిటారుగా పట్టుకోకు, కొంచెం వాల్చు, స్కేల్ ఆనించి ఒక్క ఊపులో లాగు, మధ్యలో ఆగావో అయిపోయినట్టే" అంది. ప్లేట్ అడుగున మార్కర్ తో చుక్కలు పెట్టుకోమని కూడా అక్కే చెప్పింది, లేకపోతే 0 గంటలకి ఎక్కడ ఫోటో తీసామో 8 గంటలకి అదే చోటు దొరకదు. ఈ చిన్న ముక్క ఏ ప్రోటోకాల్ లోనూ లేదు చూడండి.

ఇజిఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, నేను పరీక్షిస్తున్నది) కలిపిన వెల్, కలపని వెల్, రెండూ ఒకేలా మూసుకున్నాయి. తేడా సున్నా.

11వ రోజు

తేడా ఎందుకు రాలేదో తెలిసింది, సిగ్గేస్తోంది రాయడానికి. మీడియా (సెల్స్ పెరిగే ద్రవం) మార్చేటప్పుడు అలవాటుగా 10 శాతం సీరం ఉన్నదే పోశా. సీరం అంటేనే గ్రోత్ ఫ్యాక్టర్ల సంత, రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వదిలినవన్నీ అందులోనే ఉంటాయి. సముద్రంలో చెంబుడు నీళ్ళు పోసి మట్టం పెరిగిందా అని చూసినట్టుంది నా ప్రయోగం. ఇక నుంచి గీతకి ముందు రాత్రంతా సీరం లేని మీడియా, గీత తర్వాత కూడా అదే.

13వ రోజు

సీరం తీసేసినా తేడా అంతంతే. ఇప్పుడు అనుమానం ఇజిఎఫ్ వయల్ మీదకి పోయింది.

వయల్ వచ్చినప్పుడు ఏం చేశానో గుర్తు చేసుకుంటే, అందులో పౌడర్ కంటికి కూడా కనపడదు, 100 మైక్రోగ్రాములు అంటే గాజు గోడ మీద ఆవిరి పట్టినట్టు ఒక మసక అంతే. నేను మూత తీసి పిబిఎస్ అనే ఉప్పు ద్రావణం పోసి వోర్టెక్స్ చేశా. అక్క అడిగింది, "మూత తీసే ముందు స్పిన్ చేశావా?" చెయ్యలేదు. "ఐతే సగం సరుకు మూతకే అంటుకుని ఉంటుంది." దానికి తోడు బిఎస్‌ఎ అనే తోడు ప్రోటీన్ కలపకుండా పల్చగా చేసి పెట్టుకున్నా, ఇంత చిన్న ప్రోటీన్, ఇంత తక్కువ మోతాదులో, ట్యూబ్ గోడలకే అతుక్కుపోతుంది, మన సెల్స్ దాకా వచ్చేది ఎంతో ఆ దేవుడికే తెలియాలి. పైగా అదే ట్యూబ్ ని నాలుగు సార్లు కరిగించి గడ్డకట్టించా.

కొత్త వయల్ తీశాం. స్పిన్ చేసి, పల్చటి అసిటిక్ యాసిడ్ లో 0.1 శాతం బిఎస్‌ఎ వేసి కరిగించి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్ లో పెట్టా, ఒక ట్యూబ్ ఒకసారికే. వాడే మోతాదు మిల్లీలీటర్ కి 10 నానోగ్రాములు. ఇజిఎఫ్ బరువు దాదాపు 6 కిలోడాల్టన్లు కాబట్టి ఇది సుమారు 1.7 నానోమోలార్ అవుతుంది. ఇంత కొంచెం సరిపోతుందా అనిపిస్తుంది గానీ రిసెప్టర్ (సెల్ మీద ఇజిఎఫ్ ని పట్టుకునే ప్రోటీన్) కి అదే ఎక్కువ.

ఇజిఎఫ్ కథ కూడా ఇక్కడే రాసేసుకుంటా, మళ్ళీ మర్చిపోతా. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని పుట్టిన పిల్లలకి ఇస్తే, 12-14 రోజులకి తెరవాల్సిన కళ్ళు వారానికే తెరిచేశాయి, పళ్ళు కూడా ముందే వచ్చేశాయి. ఎందుకా అని వెంటపడి 1962లో ఆ ప్రోటీన్ ని విడదీశాడు, 53 అమైనో యాసిడ్లు, మూడు డైసల్ఫైడ్ ముళ్ళు. రీటా లెవీ మోంటాల్చినితో కలిపి 1986లో నోబెల్ ఇచ్చారు. ఇంకోవైపు మనుషుల మూత్రంలో కడుపు యాసిడ్ ని తగ్గించే పదార్థం ఏదో ఉందని యూరోగాస్ట్రోన్ అని పేరు పెట్టుకుని వేరేవాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు, 1975లో దాని నిర్మాణం తేలితే అది మన ఇజిఎఫ్ కి మనిషి వెర్షన్! ఒకరు కంటిరెప్పల నుంచి, ఒకరు మూత్రం నుంచి బయల్దేరి ఒకే చోట తేలారు.

17వ రోజు

వయల్ కొత్తది, సీరం లేదు, గీతలు కూడా ఇప్పుడు నీట్ గా వస్తున్నాయి. ఐనా ఎజిఎస్ లో తేడా చాలా తక్కువ. రెండు రోజులు మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని గీత అంచుని చూస్తూ ఉన్నా, అప్పుడు ఒకటి కనపడింది. ఇవి వరసగా రావట్లేదు. ఒక్కోటి విడిపోయి, తోకలు సాగదీసుకుని, ఎవరి దారిన వాళ్ళు ఖాళీలోకి పోతున్నాయి, బస్సు దిగిన జనం చెల్లాచెదురైనట్టు. కడుపు పొర పాకేటప్పుడు చేతులు పట్టుకున్న వరసలా కదలాలి కదా.

వెతికితే ఎజిఎస్ లో ఇ-క్యాడ్‌హెరిన్ పనిచెయ్యదు, అంటే పక్క సెల్ ని పట్టుకునే చెయ్యే లేదు. పైగా వీటిలో కెరాస్ మ్యుటేషన్ ఉంది, ఇజిఎఫ్ రిసెప్టర్ నుంచి లోపలికి వెళ్ళే సిగ్నల్ దారిలో ఒక స్విచ్ ఎప్పుడూ ఆన్ లోనే ఉండిపోయింది. తలుపు తట్టకుండానే లోపల బెల్ మోగుతోంది, ఇంక నేను బయట నిలబడి తడితే తేడా ఏం తెలుస్తుంది. రెండు వారాలు పోయాయి. మేడమ్ ని "ముందే చెప్పుండొచ్చు కదా" అని అడగాలని నోటిదాకా వచ్చింది, ఆవిడే అన్నారు, "నువ్వే కనిపెట్టావు కదా, ఇప్పుడు ఎప్పటికీ మర్చిపోవు". అదీ నిజమే అనుకోండి, కానీ రెండు వారాలు.

24వ రోజు

ఆర్‌జిఎం-1 సెల్స్ వచ్చాయి. ఇవి ఎలుక కడుపు పొరవి, క్యాన్సర్ సెల్స్ కావు. అలవాటు పడటానికి టైమ్ తీసుకున్నాయి, సీరం ఎక్కువ అడుగుతాయి, పల్చగా వేస్తే బెంగ పెట్టుకున్నట్టు పెరగడమే మానేస్తాయి. కానీ నిండాక చూడాలి, గులకరాళ్ళు పరిచినట్టు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో సందు లేకుండా.

గీత గీసి 0, 4, 8, 12, 24 గంటలకి ఫోటోలు. ఇజిఎఫ్ వెల్ లో రెండో గంటకే అంచు మారింది. మామూలుగా గీత అంచున ఉన్న సెల్స్ కాస్త ముడుచుకుని గుండ్రంగా ఉంటాయి, ఇక్కడ ముందు వరస సెల్స్ ఖాళీ వైపుకి పల్చటి రెక్క చాచాయి. అద్దం మీద నూనె చుక్క పరుచుకున్నట్టు ఉంటుంది ఆ రెక్క, ఫేజ్ కాంట్రాస్ట్ లో అంచు మాత్రమే మెరుస్తుంది, దాన్ని లామెల్లిపోడియా అంటారు. కాసేపటికి వెనక వరస కూడా సాగుతుంది, ఎవరూ చెయ్యి వదలరు. 8 గంటలకి ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ లో కొలిస్తే ఏమీ కలపని వెల్ లో 30 శాతం మూసుకుంది, ఇజిఎఫ్ వెల్ లో 60 దగ్గర. మూడు వెల్స్ సగటే ఇది, పెద్దగా గొప్పలు పోవట్లేదు.

27వ రోజు

ఇప్పుడు మేడమ్ లెక్క. ఇజిఎఫ్ వల్ల మూసుకున్నది పాకడం వల్లా, పుట్టడం వల్లా? మైటోమైసిన్ సి అని ఒక మందు, డిఎన్‌ఎ ని కుట్టేసి సెల్ రెండుగా చీలకుండా ఆపుతుంది. మిల్లీలీటర్ కి 10 మైక్రోగ్రాములు, 2 గంటలు ఉంచి కడిగేసి, అప్పుడు గీత. విషం కాబట్టి డబుల్ గ్లోవ్స్, దాని వేస్ట్ వేరే సీసాలోకి.

8 గంటలకి ఇజిఎఫ్ వెల్ 60 బదులు 55. అంతే తేడా! 24 గంటలకి మాత్రం మైటోమైసిన్ వెల్స్ వెనకబడ్డాయి, అంచు వెనకాల సెల్స్ పల్చబడి సాగిపోయిన బనియన్ గుడ్డలా అయ్యాయి. అంటే ఇజిఎఫ్ ముందు పాకిస్తుంది, తర్వాత తీరిగ్గా పుట్టిస్తుంది, ఒకే ఫ్యాక్టర్ రెండు షిఫ్టులు చేస్తోంది. నేను మొదటి రోజు చెప్పింది రెండో షిఫ్ట్ గురించి, దెబ్బ తగిలిన గంటలో కాపాడేది మొదటి షిఫ్ట్.

ఫోటోలు తీసుకెళ్ళి మేడమ్ కి చూపించా. చూసి "గ్రోత్ అనే పేరు చూసి మోసపోయేది నువ్వొక్కడివే కాదులే" అన్నారు. ఈ మనిషి నుంచి ఇది మెచ్చుకోలే.

31వ రోజు

ఏజి1478 వేశా, ఇజిఎఫ్ రిసెప్టర్ లోపలి కైనేజ్ (సిగ్నల్ ని లోపలికి పంపే ఎంజైమ్ భాగం) ని ఆపేది. ఇజిఎఫ్ ప్రభావం పోతుందని తెలుసు, పోయింది. తెలియనిది ఏంటంటే ఇజిఎఫ్ అసలు కలపని వెల్ లో కూడా మూసుకోవడం తగ్గిపోయింది, 30 నుంచి 15 కి పడింది. మొదట డిఎంఎస్‌ఓ (ఏజి1478 ని కరిగించిన ద్రావకం) వల్లేమో అనుకున్నా, డిఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన వెల్ బాగానే ఉంది.

మరి నేను ఏమీ కలపకపోతే రిసెప్టర్ ని ఎవరు తడుతున్నారు? సెల్సే. కడుపు పొర సెల్స్ టిజిఎఫ్ ఆల్ఫా అనే 50 అమైనో యాసిడ్ల ప్రోటీన్ తయారుచేసుకుంటాయి, అది ఇజిఎఫ్ కి కజిన్, పట్టుకునేది అదే రిసెప్టర్ ని. దాన్ని సెల్ పొర మీదే కట్టేసి ఉంచుతాయి, దెబ్బ తగలగానే ఒక ఎంజైమ్ ఆ తాడు కత్తిరిస్తుంది, విడిపోయిన ముక్క తనకీ పక్కవాళ్ళకీ కబురు చెబుతుంది. అంటే లాలాజలం నుంచి వచ్చే ఇజిఎఫ్ బయటి సాయం, టిజిఎఫ్ ఆల్ఫా ఇంటి సరుకు.

ఈ రిజల్ట్ నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే నేను వెతకలేదు, కంట్రోల్ వెల్ లో దొరికింది.

36వ రోజు

ఇండోమెథాసిన్ అనే పెయిన్ కిల్లర్ రోజులు. పెయిన్ కిల్లర్లు కడుపుని ఎందుకు పాడుచేస్తాయో 1971లో జాన్ వేన్ చూపించిన పని నుంచి అందరికీ తెలుసు, ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపేస్తాయి, దానితో జిగురు, బైకార్బనేట్, రక్త ప్రసరణ మూడూ తగ్గుతాయి. నా ప్లేట్ లో జిగురు పొర అంటూ పెద్దగా లేదు, రక్తం అసలే లేదు. ఐనా దెబ్బ కనపడుతుందా?

మొదటిసారి ఘోరంగా కనపడింది, గీత అస్సలు మూసుకోలేదు, ఎగిరి గంతేశా. తర్వాత చూసుకుంటే ఇండోమెథాసిన్ నీళ్ళలో కరగదని ఇథనాల్ లో కరిగించి మీడియాలో పోశా కదా, ఆ ఇథనాల్ 2 శాతం దాకా వెళ్ళింది, దానికి సరైన కంట్రోల్ పెట్టలేదు. కడుపు పొరని ఆల్కహాల్ తో దెబ్బకొట్టడం అనేది విడిగా ఒక ప్రయోగం, దాన్ని పొరపాటున చేశానన్నమాట. ఈసారి స్టాక్ చిక్కగా చేసుకుని 0.2 శాతానికి దించి, కంట్రోల్ కి కూడా అంతే ఇథనాల్ పోసి మళ్ళీ చేస్తే 0.25 మిల్లీమోలార్ ఇండోమెథాసిన్ మూసుకోవడాన్ని సగానికి తగ్గించింది. పక్కనే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 కలిపితే కొంత తిరిగొచ్చింది, పూర్తిగా కాదు.

2002లో ఒక టీమ్ చూపించినదాన్ని బట్టి ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తన రిసెప్టర్ ని తట్టాక సిగ్నల్ లోపల్లోపలే తిరిగి, ఆ తాడు కత్తిరించే ఎంజైమ్ ని లేపి, టిజిఎఫ్ ఆల్ఫా ని విడిపించి, చివరికి ఇజిఎఫ్ రిసెప్టర్ నే ఆన్ చేస్తుంది. చూసేందుకు రెండు వేరు వేరు దారులు, లోపలికి వెళ్తే ఒకే వాకిలి. దీన్ని నా సెల్స్ లో పరీక్షించడానికి ప్రోస్టాగ్లాండిన్ తో పాటు ఏజి1478 వేశా, తిరిగొచ్చిన కాస్తా మళ్ళీ పోయింది. ఒక్కసారే చేశా, ఇంకో రెండుసార్లు చేస్తే గానీ నమ్మను.

43వ రోజు

ఇది చాలా తిప్పలు పెట్టింది. లాలాజలంలో ఇజిఎఫ్ ఎప్పుడూ ఉంటుంది, మింగుతూనే ఉంటాం, మరి కడుపు సెల్స్ కి 24 గంటలూ పెరగండి పెరగండి అని కబురు వెళ్తూ ఉండాలి కదా, వెళ్తే పొర మందమైపోదా? పొరలో ఈ రిసెప్టర్లు ఎక్కువగా సెల్స్ కి కింది వైపు, పక్క వైపు ఉంటాయట. పైనుంచి పోతున్న ఇజిఎఫ్ కి అవి అందవు. పొర చిరిగితేనే అది సందులోంచి కిందకి దిగి రిసెప్టర్ ని పట్టుకుంటుంది. కాపలావాడు వీధిలో తిరుగుతూ ఉంటాడు, తలుపు పగిలితేనే లోపలికి వస్తాడు. ఎలుకల్లో లాలాజల గ్రంథులు తీసేస్తే కడుపు పుండ్లు మానడం ఆలస్యమవుతుంది, ఇజిఎఫ్ ని నోటి ద్వారా ఇస్తే మళ్ళీ సర్దుకుంటుంది, ఈ లెక్కలో అదంతా చక్కగా ఇముడుతుంది.

చదివి ఊరుకోలేక చేసి చూద్దామనుకున్నా. ట్రాన్స్‌వెల్ అంటే వెల్ లోపల వేలాడే చిన్న గిన్నె, అడుగున 0.4 మైక్రాన్ రంధ్రాల పొర, సెల్స్ దాని మీద పెరుగుతాయి, పైనా కిందా వేరు వేరుగా మీడియా పోయొచ్చు. ఇజిఎఫ్ సిగ్నల్ అందితే సెల్ లో ఇఆర్‌కె అనే ప్రోటీన్ ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది, దాన్ని వెస్టర్న్ బ్లాట్ లో నల్లటి బ్యాండ్ గా చూస్తాం. మొదటి బ్యాచ్ లో పైన పోసినా కింద పోసినా ఒకటే బ్యాండ్. ఎందుకంటే పొర కారుతోంది. ఇజిఎఫ్ కి దగ్గర సైజు కదా అని 4 కిలోడాల్టన్ల ఫ్లోరసెంట్ డెక్స్‌ట్రాన్ పైన పోస్తే గంటలో కిందకి దిగిపోయింది. ఇంకో నాలుగు రోజులు ఆగి, కారడం తగ్గిందని చూసుకుని, అప్పుడు మళ్ళీ. 10 నిమిషాలు ఇజిఎఫ్, వెంటనే లైసిస్ (సెల్స్ ని పగలగొట్టడం), ఫాస్ఫో ఇఆర్‌కె కి వెస్టర్న్ బ్లాట్.

కింద పోస్తే బ్యాండ్ నల్లగా, పైన పోస్తే ఉందా లేదా అన్నట్టు. ఇక గీత గీసి పైన పోస్తే వెలుగుతుందని చూశా, వెలగలేదు. ఒక పూట దిగులుగా తిరిగా. అక్కే అంది, "ఒక్క గీత అంచున సెల్స్ ఎన్ని ఉంటాయి? మొత్తం గిన్నెలో వందకి రెండో మూడో. ఆ రెండు మూడూ అరిచినా మిగతా తొంభై ఏడు మౌనంగా ఉంటే బ్లాట్ లో ఏం వినపడుతుంది?" మర్నాడు అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, ముగ్గు గీసినట్టు గీశా. కేవలం గీతల వల్లే ఇఆర్‌కె కొంచెం లేస్తుంది, అది ఎలాగూ ఉంటుంది కాబట్టి గీతలు మాత్రమే ఉన్న గిన్నె కూడా పెట్టా. గీతలు, పైన ఇజిఎఫ్, రెండూ ఉన్న దాంట్లో బ్యాండ్ స్పష్టంగా పైకి లేచింది. ఫిల్మ్ డెవలప్ అయ్యి ఆ మచ్చ మెల్లగా కనపడుతుంటే డార్క్ రూమ్ లో ఒక్కడినే పిచ్చోడిలా నవ్వుకున్నా.

ఒక మెలిక. కడుపులో యాసిడ్, పెప్సిన్ కలిస్తే 53 ఉన్న ఇజిఎఫ్ తోక తెగి 49 అవుతుంది, పని తగ్గుతుంది. నా మీడియా పీహెచ్ 7.4 కాబట్టి నా ఇజిఎఫ్ రాజాలా ఉంది, అసలు కడుపులో దాని పరిస్థితి అంత సుఖంగా ఉండదు. రిపోర్ట్ లో ఇది తప్పకుండా రాయాలి.

48వ రోజు

గిన్నెలో లేనివాటి గురించి ఒక పేజీ రాయమన్నారు. రాస్తుంటే తెలిసింది అసలు ఎక్కువ భాగం గిన్నె బయటే ఉంది.

పై పొర కింద ఫైబ్రోబ్లాస్టులు (కింది కణజాలాన్ని అల్లే సెల్స్) ఉంటాయి, అవి హెచ్‌జిఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ తయారుచేస్తాయి, దాని రిసెప్టర్ సి-మెట్ పైన ఎపిథీలియల్ (పై పొర) సెల్స్ మీద ఉంటుంది, కింది ఇంటివాడు పై ఇంటివాడికి సాయం పంపినట్టు. ఫైబ్రోబ్లాస్టులు పెరిగిన మీడియా తెచ్చి నా గీతల మీద పోశా, ఇజిఎఫ్ అంత కాకపోయినా బాగానే పాకాయి. అందులో ఇంకా ఏమేం ఉన్నాయో తెలియదు కాబట్టి దీని మీద ఏమీ అనను.

దెబ్బ పైపైన కాకుండా లోతుగా దిగి పుండు అయితే పాకడం ఒక్కటే చాలదు, కింద కొత్త రక్తనాళాలు రావాలి, అది ఇంకో రెండు గ్రోత్ ఫ్యాక్టర్లు, విఇజిఎఫ్, బేసిక్ ఎఫ్‌జిఎఫ్ ల పని. బేసిక్ ఎఫ్‌జిఎఫ్ యాసిడ్ లో పాడైపోతుంది. అల్సర్ కి ఇచ్చే సుక్రాల్‌ఫేట్ పుండు మీద పేస్ట్ లా అంటుకుంటుందని మాత్రమే నాకు తెలుసు, జూడా ఫోక్‌మన్ వాళ్ళు 1991లో చూపించింది ఏంటంటే అది బేసిక్ ఎఫ్‌జిఎఫ్ ని పట్టుకుని యాసిడ్ బారిన పడకుండా ఉంచుతుంది. మందు పూత అనుకున్నది గ్రోత్ ఫ్యాక్టర్ కి గొడుగు కూడా పడుతోంది.

ట్రెఫాయిల్ పెప్టైడ్లు ఇంకో రకం. మూడు ఉచ్చులు వేసి ముడిపడి మూడాకుల ఆకారంలో ఉంటాయి, ఆ ముడి వల్ల పెప్సిన్ కి లొంగవు, జిగురుతో కలిసే బయటికి వస్తాయి. టిఎఫ్ఎఫ్1 పైవరస సెల్స్ నుంచి, టిఎఫ్ఎఫ్2 గ్లాండ్ మెడ దగ్గర నుంచి. పాకిస్తాయి గానీ సెల్స్ ని పెద్దగా పుట్టించవు, అంటే నేను చెప్పిన మొదటి షిఫ్ట్ కే అంకితం. టిఎఫ్ఎఫ్1 జీన్ తీసేసిన ఎలుకల కడుపు చివరి భాగంలో గడ్డలు వచ్చాయని 1996లో తేలింది.

51వ రోజు

సెమినార్ లో ఒకతను లేచి అడిగాడు, "ఇంత బాగా పనిచేస్తే ఇజిఎఫ్ మాత్ర వేసేసుకోవచ్చు కదా అన్నా, యాసిడ్ తగ్గించే మందులెందుకు?" మంచి ప్రశ్నే. ఒకటి, కడుపులో అది నిలవదు, పైన రాశా. రెండు, యాసిడ్ ఆపే మందులు, హెలికోబాక్టర్ ని చంపే యాంటీబయాటిక్స్ ఇప్పటికే బాగా పనిచేస్తున్నాయి, 2005లో మార్షల్, వారెన్ లకి నోబెల్ వచ్చింది ఆ బాక్టీరియా పనికే కదా. మూడోదే అసలు భయం, పెరగమని చెప్పే సిగ్నల్ ని ఆపకుండా ఇస్తే ఏమవుతుంది? మెనెట్రియర్ జబ్బు చూస్తే చాలు, కడుపులో టిజిఎఫ్ ఆల్ఫా అతిగా తయారై పొర మడతలు మడతలుగా ఉబ్బిపోతుంది, యాసిడ్ చేసే సెల్స్ తగ్గిపోతాయి, ప్రోటీన్ కారిపోతుంది. ఇజిఎఫ్ రిసెప్టర్ ని మూసే సెటుక్సిమాబ్ ఇస్తే ఆ రోగులు కొందరు కోలుకున్నారు. దెబ్బ తగిలినప్పుడు పనికొచ్చిన సిగ్నలే రోజంతా మోగితే రోగమన్నమాట, రిసెప్టర్లు కింద దాక్కుని ఉండటంలో నాకు ఇప్పుడు ఇంకా ఎక్కువ అర్థం కనపడుతోంది.

అతనికి ఇంత చెప్పలేదు, టైమ్ అయిపోయింది, మూడో పాయింట్ దగ్గరే గంట కొట్టారు.

53వ రోజు

ప్రోస్టాగ్లాండిన్, ఏజి1478 కలిపిన ప్రయోగం రెండోసారి. 36వ రోజు వచ్చినట్టే వచ్చింది, కాకపోతే ఒక వెల్ లో గీత మళ్ళీ వంకర పోయింది, దాన్ని తీసేయాలా ఉంచాలా అని అక్కతో అరగంట వాదన. ఫలితం చూశాక తీసేస్తే అది మోసం, గీసిన వెంటనే, 0 గంటల ఫోటో చూసి తీసేస్తే పర్లేదు అని తేల్చింది. నేను 8 గంటల ఫోటో చూశాక వంకర కనిపెట్టా, కాబట్టి ఉంచాల్సిందే. ఎర్రర్ బార్ పొడుగ్గా వచ్చింది, రానీ.

మూడోసారికి ప్లేట్ రెడీ. ఈసారి 0 గంటల ఫోటోలు తీసిన వెంటనే ఒక్కోటి చూసి, వంకరవి రెండు నోట్‌బుక్ లో ముందే కొట్టేసి, సంతకం పెట్టి, అక్క చేత కూడా పెట్టించి, ప్లేట్ ని ఇంక్యుబేటర్ లో పెట్టా. ఇప్పుడు రాత్రి పదకొండున్నర, 8 గంటల ఫోటోకి పొద్దున ఏడింటికి రావాలి, అలారం రెండు పెట్టుకున్నా.